విల్లీ మోసప్ పెళ్లి చేసుకున్నాడా, అతనికి చేసేశారా?

కాఫీ_ఫిల్టర్
నిన్న రాత్రి మా నాన్నతో కూర్చుని ‘హాబ్సన్స్ ఛాయిస్’ చూశాను. 1954 నాటి బ్రిటిష్ కామెడీ, డేవిడ్ లీన్ తీసింది. నాన్న కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. నాకు మాత్రం సగం నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండులో సాల్ఫర్డ్ అనే ఊరు, 1880. హాబ్సన్‌ది బూట్ల కొట్టు. భార్య పోయింది, ముగ్గురు కూతుళ్లు, కొట్టు కన్నా ఎదురుగా ఉన్న పబ్బులోనే ఎక్కువసేపు ఉంటాడు. కొట్టు కింద నేలమాళిగలో బూట్లు కుట్టే బ్రహ్మచారి విల్లీ మోసప్. చదువు రాదు, నోట్లో మాట లేదు, చేతిలో పనితనం మాత్రం బంగారం. పెద్ద కూతురు మ్యాగీకి 30 ఏళ్లు. ఒకరోజు ఇతన్ని పైకి పిలిచి, నీ చేతులు చూపించు అంటుంది. మురికిగా ఉన్నాయంటాడు పాపం. చేతులు చూసి, నువ్వు నన్ను పెళ్లి చేసుకుంటున్నావ్ అని చెప్పేస్తుంది. అడగదు, చెప్తుంది! తను అద్దెకుంటున్న ఇంటావిడ కూతురు ఏడాతో మాట అయిపోయింది మొర్రో అన్నా వినదు. ఆ పిల్ల ముందే ఆ మాట రద్దు చేసేసి, ఆ రాత్రికి అతని మకాం కూడా తోటి పనివాడు టబ్బీ ఇంటికి మార్పించేస్తుంది.

ఇదే పని ఓనరు కొడుకు కొట్లో పనిచేసే అమ్మాయితో చేస్తే ఏమనేవాళ్లం? ఇందులో నవ్వేదేముందో ఎవరైనా చెప్పండి. నాన్నని అడిగితే ‘నీకు అర్థం కాదులే’ అని పడుకున్నారు.

టిక్కెట్టు_చించేవాడు
పేరులోనే ఉంది కదండీ. మోసప్. మోసపోయినవాడు.

రీలుబండి
^ ఇలాంటి జోకుల కోసమే రోజూ ఇక్కడికొచ్చి చావడం.

లైబ్రరీ_మూర్తి
కాఫీ ఫిల్టర్ గారూ, కోపం న్యాయమే గానీ బెల్టు సీను ఎలా వదిలేశారు? కథ మలుపు తిరిగేదే అక్కడ.

హాబ్సన్‌కి సంగతి తెలిసి, నీకు పట్టిన ప్రేమ వదలగొడతానని బెల్టు తీస్తాడు. అప్పటిదాకా విల్లీకి ఈ పెళ్లి అక్కర్లేదు. ఆ మాటే చెప్తాడు కూడా: నాకు మీ అమ్మాయి అక్కర్లేదు, ఆవిడే నా వెంట పడుతోంది. కానీ ఒక్క దెబ్బ పడిందా, ఆవిణ్ని జిగురులా పట్టుకుని వదలనంటాడు. దెబ్బ పడుతుంది. ఉన్నపళంగా మ్యాగీని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంటాడు. ఇంకో దెబ్బ పడితే ఇంకో అడుగు ముందుకేస్తానని బెదిరిస్తాడు కూడా. పుట్టి బుద్ధెరిగాక అతను సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అదే. అంతవరకూ ఆయన కొట్టమంటే మేకు కొట్టాడు, ఈవిడ నడవమంటే నడిచాడు.

పేరు సంగతి కూడా చెప్పాలి. కేంబ్రిడ్జిలో టామస్ హాబ్సన్ అని గుర్రాలు అద్దెకిచ్చే ఆయన ఉండేవాడు, 1631లో పోయాడు. ఎవరొచ్చినా గుమ్మానికి దగ్గరగా ఉన్న గుర్రాన్నే తీసుకోవాలి, లేకపోతే నడుచుకుంటూ పోవాలి. అన్ని గుర్రాలకీ సమానంగా పని పడాలని ఆయన లెక్క. ఇచ్చింది తీసుకో, లేకపోతే ఏమీ లేదు అనే అర్థంలో ‘హాబ్సన్స్ ఛాయిస్’ అన్న నానుడి అక్కణ్నించి వచ్చింది. సినిమా మొదట్లో ఆ గతి విల్లీకి పట్టిందనుకుంటాం. చివరికి ఎవరికి పడుతుందో చూశారుగా?

నల్లమల_నాగన్న
మూర్తి సారూ, బెల్టు దెబ్బకి పుట్టిన పెండ్లి గూడా ఒక పెండ్లేనా. అది రోషం, ఇష్టం కాదు. మా చిన్నాయన ఒగడు ఇట్లనే. మా జేజినాయన నలుగురిలో చెంపమీద కొట్టినాడని, ఆ పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్యాడు. నలభై ఏండ్లయింది. ఇప్పటికీ ఇద్దురూ గొడవ పడినప్పుడంతా మా జేజినాయన ఫోటోని తిడతారు.

టిక్కెట్టు_చించేవాడు
నలభై ఏళ్లు కలిసి తిట్టుకోవడానికి ఒక ఫోటో ఉందంటే అంతకన్నా మంచి సంసారం ఏముంటుంది నాగన్నా.

పాలపిట్ట
నాకైతే విల్లీ నేలలోంచి పైకొచ్చే సీన్ మస్తు నచ్చింది. కొట్లో నేలకే ఒక తలుపు ఉంటది. అది తెరుచుకుంటే ముందుగాల తల వస్తది, తర్వాత భుజాలు. గొప్పింటి ముసలావిడ, మిసెస్ హెప్‌వర్త్, కాలికి బూటు తొడుక్కొని ‘ఇవి ఎవరు కుట్టిండ్రు’ అని గద్దిస్తది. తప్పు జరిగిందేమో, ఇప్పుడు నౌకరి పోతదేమోనని మనోడు సగం నేలలోనే నిలబడి గజగజ వణుకుతడు. పొగుడుతుందని అర్థమయ్యేసరికి ఆవిడ తన కార్డు చేతుల పెడుతుంది. అది ఎటు పట్టుకోవాల్నో తెల్వదు.

దాన్ని యాద్ పెట్టుకొని చివరి సీన్ చూడుండ్రి. అదే కొట్టు, అదే మనిషి. నేల మీద బాజాప్తాగా నిలబడి హాబ్సన్‌కి షరతులు చెప్తుంటడు. జాన్ మిల్స్ ఏమీ చెయ్యనట్టే చేసిండు గానీ, మెడ నిలబెట్టే తీరు ఒక్కో సీన్‌కి ఒక్కో అంగుళం పెరుగుతది.

రీలుబండి
ఆ వేషం మొదట రాబర్ట్ డోనాట్ వెయ్యాల్సింది. ఉబ్బసం వల్ల తప్పుకుంటే మిల్స్ వచ్చాడు. కొన్ని అలా రాసిపెట్టి ఉంటాయి.

పక్కసీటు_పాపాయి
ఒక చిన్న ఫిర్యాదు. మ్యాగీకి 30 అంటారు, బ్రెండా డి బాంజీకి అప్పటికే నలభై దాటాయి. విల్లీ సరేసరి, మిల్స్ 1908లో పుట్టాడు. మొహాల్లో తెలిసిపోతోంది.

టిక్కెట్టు_చించేవాడు
యాభై దాటాక చేతిలో పుస్తకం పట్టుకుని కాలేజీకెళ్లిన హీరోల్ని చూసి ఈలలు వేసిన జాతి మనది. మనకెందుకమ్మా వయసుల లెక్కలు.

అట్లాంటా_అత్త
కాఫీ ఫిల్టర్, నీ బాధ నాకర్థమైంది గానీ నువ్వు విల్లీ వైపు నుంచే చూశావు తల్లీ. నేను మ్యాగీ వైపు నుంచి చెప్తా, కాస్త పెద్దదవుతుంది.

మాది బట్టల కొట్టు. ఊరి పేరు ఎందుకులే. నాన్నకి మేం ముగ్గురం ఆడపిల్లలమే. మా పెద్దక్క పదో తరగతి అయిన దగ్గర్నుంచీ కొట్లోనే. గజంబద్ద చేతికి అంటుకుపోయినట్టుండేది. తాను విప్పి ఒక్క విసురు విసిరితే ఎంత గుడ్డ పరుచుకుందో కొలవకుండా చెప్పేది. ఎవరి బాకీ ఎంతో చిట్టా చూడక్కర్లేదు. నాన్న పదకొండింటికి వచ్చి, గల్లాపెట్టె ముందు కూర్చుని, పేపరు చదివి, భోజనానికి వెళ్లిపోయేవాడు. నాకూ చిన్నక్కకీ సంబంధాలు చూశాడు. పెద్దదాని సంగతేంటని అమ్మ అడిగితే ‘దానికేం తొందర, అది లేకపోతే కొట్టెలా నడుస్తుంది’ అనేవాడు. ఆ తర్వాత్తర్వాత ‘ఈ వయసులో ఇంకేం పెళ్లి’ అన్నాడు. ఈ రెండు మాటల మధ్య ఎన్నేళ్లు గడిచాయో ఆయనకి తెలీదు. జీతమా? సొంత కూతురికి జీతమేంటి!

సినిమాలో హాబ్సన్ అచ్చం అదే అంటాడు. చిన్నవాళ్లిద్దరికీ మొగుళ్లని చూస్తాను, నువ్వా, నీ వయసు దాటిపోయింది, అయినా నువ్వు పనికొచ్చేదానివి కదా అని. మ్యాగీ గుడ్లనీళ్లు కుక్కుకోదు. ఒక్క క్షణం అలా చూసి, అదే రోజు పనిలో దిగుతుంది. మా అక్కకి నేలమాళిగలో విల్లీ లేడు. ఉన్నా ఆ తలుపు తీసే ధైర్యం ఆ రోజుల్లో ఎక్కణ్నించి వస్తుంది? అందుకే మ్యాగీ దబాయించి పెళ్లాడిందంటే నాకు కోపం రాదు. ఆవిడకీ ఉన్నది ఒకే గుర్రం.

కాఫీ_ఫిల్టర్
అత్తా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. నీ కష్టం నిజమే అయినా దానికి ఇంకొకరి చెయ్యి మెలిపెట్టొచ్చా? నాకు నీతో ప్రేమ లేదని విల్లీ మొహం మీదే చెప్తాడు కదా.

అట్లాంటా_అత్త
చెప్తాడు. ఆవిడ ఏమంటుంది? నా దగ్గర ఉంది, అది చాలు, నీ వైపు లేకుండానే సర్దుకుందాం అంటుంది. మా కాలంలో అసలు ఆ ప్రశ్నే ఎవరూ వెయ్యలేదమ్మా. కనీసం వీళ్లిద్దరూ నిజం మాట్లాడుకున్నారు.

సరదా_సినిమా
అందరూ సీరియస్ అయిపోయారు. ఇది కామెడీ బాబోయ్! చంద్రుడి సీను గురించి ఒక్కరూ మాట్లాడరేం? హాబ్సన్ పీకలదాకా తాగి పబ్బులోంచి బయటికొస్తాడు. వాన వెలిసింది, రోడ్డు మీద నీళ్ల గుంటలు. గుంటలో చంద్రుడు. దగ్గరికెళ్లి వంగి చూస్తే తన మొహమే అడ్డం. కాలితో తొక్కుతాడు, చంద్రుడు ముక్కలై మళ్లీ అతుక్కుంటాడు. ఆ లావు మనిషి, చార్ల్స్ లాటన్, చిన్నపిల్లాడిలా ఒక గుంట నుంచి ఇంకో గుంటకి చంద్రుణ్ని వెతుక్కుంటూ పోయి పోయి, తెరిచి ఉన్న గింజల కొట్టు నేలమాళిగలో ధబేల్‌మని పడతాడు. వెనకాల మాల్కం ఆర్నాల్డ్ సంగీతం. అందులో ఏడుస్తున్నట్టు వినిపించేది రంపం! నిజంగానే రంపాన్ని వంచి వాయించారు.

రీలుబండి
మొదటి రెండు నిమిషాలు కూడా. గాలి, చీకటి, ఊగుతున్న బూటు బోర్డు, లోపల వరసగా బూట్లు, చెక్క అడుగుల క్లాగులు, చంటిపిల్లల జోళ్లు. దెయ్యాల సినిమా ఏమో అనుకునేలోగా తలుపు ధడాల్న తెరుచుకుంటుంది, గుమ్మంలో నల్లటి ఆకారం. ఆ ఆకారం ఒక త్రేన్పు తీస్తుంది. అంతే. మా ఇంట్లో అక్కడే వెనక్కి తిప్పి మళ్లీ చూశాం.

కడియం_కుర్రాడు
ఎడారి సినిమా తీసిన లీనేనా ఈయన? ఒంటెలు, ఇసక, మూడున్నర గంటలు?

లైబ్రరీ_మూర్తి
ఆయనే, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ తీసినాయన. ఆయన ఆఖరి నలుపు-తెలుపు సినిమా ఇది. బెర్లిన్ సినిమా పండగలో 1954లో గోల్డెన్ బేర్ బహుమతి వచ్చింది. అప్పట్లో అక్కడ ప్రేక్షకుల ఓట్లతోనే ఇచ్చేవారు. ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా బాఫ్టా కూడా దీనికే. మూలం హెరాల్డ్ బ్రిగ్‌హౌస్ నాటకం. ఆయన సాల్ఫర్డ్ పక్కన ఎకిల్స్‌లో పుట్టినవాడే. 1915లో న్యూయార్క్‌లో, 1916లో లండన్‌లో ఆడింది.

కిర్రుచెప్పులు
రెండ్రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని.

మా తాత చెప్పులు కుట్టేవాడు. తోలు తనే ఊనేవాడు, తంగేడు చెక్క నానబెట్టి. ఇంటి చుట్టుపక్కల ఆ వాసనే. ఒక పీట, ఆరె, తోలు కోసే కత్తి, నున్నటి బండరాయి, మైనం పట్టించిన దారం. దారం లాగి లాగి చూపుడు వేలు మడతలో ఒక గాడి పడిపోయింది, నేను చిన్నప్పుడు అందులో నా గోరు పెట్టి ఆడుకునేవాణ్ని. కొత్తవి నడిస్తే కిర్రుమనాలి, అలా అనకపోతే కొన్నాయన ఒప్పుకునేవాడు కాదు. వాటిని వేసుకుని మోతుబరులు మా వీధి చివర్నుంచి వెళ్తుంటే ఆ చప్పుడు బట్టి ఏ జత ఏ ఏడాది కుట్టాడో తాత చెప్పేవాడు. కానీ ‘ఇవి ఎవరు కుట్టారు’ అని అడిగినవాళ్లు లేరు. వారు తెగితేనే కబురొచ్చేది.

అందుకే హెప్‌వర్త్ సీను దగ్గర సినిమా ఆపేసి బయటికెళ్లి నిలబడ్డాను.

ఇంకో మాట. విల్లీ పేదవాడు. నాటకంలో అతని తండ్రి వర్క్‌హౌస్‌లో పెరిగినవాడని హాబ్సన్ దెప్పుతాడు, అంటే దిక్కులేనివాళ్లని పెట్టి చాకిరీ చేయించుకునే చోటు. దానికి మ్యాగీ, మన సాల్ఫర్డ్‌లో ఇలాంటి ఎక్కువతక్కువలు కూడా ఉన్నాయా, నాకు ఇప్పుడే తెలిసిందే అని ఎత్తిపొడుస్తుంది. అంతటితో ఆ సంగతి అయిపోతుంది. మా తాత కుర్రతనంలో ఏ కొట్టు యజమాని కూతురైనా అతని చెయ్యి పట్టుకుని వీధిలో నడిచుంటే అది కామెడీ అయ్యేది కాదు. మీరు బలవంతమా ఇష్టమా అని వాదించుకుంటుంటే నాకు తట్టింది అది.

సరదా_సినిమా
బాగా రాశారు గానీ, ఇంగ్లిష్ సినిమాలోకి కూడా మన కులం తేవాలా అండీ?

కిర్రుచెప్పులు
నేను తేలేదండీ. బూట్లు కుట్టేవాడి సినిమా చూస్తూ మా తాత గుర్తొచ్చాడు. మీకు చంద్రుడు గుర్తున్నట్టే.

పాలపిట్ట
సరదా అన్నా, ఆయన చెప్పిందాంట్ల తప్పేమున్నది? వాళ్లకాడ కింద నేలమాళిగ, పైన కొట్టు. నడుమ నిచ్చెన ఉన్నది, తలుపు ఉన్నది. మనకాడ నిచ్చెన కూడా లేకుండె. ఆ ముక్కే అన్నడు.

వేదిక_కాపలా
ఇప్పటివరకూ బాగానే నడుస్తోంది, ఇలాగే నడవనివ్వండి. సినిమా మీదే ఉందాం, ఎవరి తాతలు వాళ్లకి గుర్తురావచ్చు.

సరదా_సినిమా
సరే సార్. కిర్రుచెప్పులు గారూ, తప్పుగా అనుంటే మన్నించండి. హెప్‌వర్త్ సీను నేను రెండుసార్లు చూసి కూడా ఆవిడ టోపీనే చూశాను.

పక్కసీటు_పాపాయి
ఏడా కోసం ఎవరూ ఏడవరేం? రెండు నిమిషాలు కనిపించి పోయింది పిల్ల. తప్పేం చేసింది?

నల్లమల_నాగన్న
నేను ఏడుస్తా ఉండా. ఆ పిల్లని మ్యాగీ అడుగుతాది, ఈన్ని ఎట్ల పైకి తెస్తావు అని. నేను ఆయన్నే నమ్ముకున్యానంటాది పాపం. మన ఊర్లో అయితే ఆ మాటకి పసుపు కుంకుమ పెట్టి మెచ్చుకుంటారు. మ్యాగీ ఆ ఒక్క మాటకే పక్కకు తోసేసింది.

లైబ్రరీ_మూర్తి
కానీ ఆ ప్రశ్న న్యాయమైందే నాగన్న గారూ. మ్యాగీ అతన్ని నమ్ముకోలేదు, అతని పనిని నమ్మింది. నా బుర్ర, నీ చేతులు, రెండూ కలిస్తే వ్యాపారం అంటుంది. హెప్‌వర్త్ దగ్గర 100 పౌండ్లు అప్పు తెచ్చి ఓల్డ్‌ఫీల్డ్ రోడ్డులో ఒక నేలమాళిగ అద్దెకి తీసుకుని కొట్టు పెట్టిస్తుంది. బోర్డు మీద పేరు ఎవరిది? విలియం మోసప్‌ది. పలక మీద అక్షరాలు దిద్దిస్తుంది. అతను చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. ఊరూరా బడి ఉండాలన్న చట్టం ఇంగ్లండులో 1870లో గానీ రాలేదు.

ఇంకో చట్టం కూడా చెప్పాలి, ఇది కాఫీ ఫిల్టర్ గారి ప్రశ్నకి దగ్గరిది. కథ జరిగేది 1880. పెళ్లయిన స్త్రీ ఆస్తి ఆమెదే అన్న పూర్తి చట్టం వచ్చింది 1882లో. అంతకుముందు 1870 చట్టం ముఖ్యంగా ఆమె సొంత సంపాదననే కాపాడేది. అంటే మ్యాగీ చెయ్యి మెలిపెట్టి పెళ్లాడినా, కట్టిన కొట్టు మీద చట్టం దృష్టిలో పైచెయ్యి విల్లీదే. రేపు అతను పొమ్మంటే ఆవిడ దిక్కులేనిదే. ఎవరు ఎవర్ని నమ్మి దిగినట్టు?

కాఫీ_ఫిల్టర్
ఇది నాకు తట్టలేదు మూర్తి గారూ. అయినా ‘చట్టం నీ వైపే ఉంది కాబట్టి నిన్ను అడగక్కర్లేదు’ అంటే మాత్రం ఒప్పుకోను.

లైబ్రరీ_మూర్తి
నేనూ ఒప్పుకోమనలేదు. సినిమా కూడా ఒప్పుకోదు, అందుకే ఆ రాత్రి సీను అంతసేపు తీశాడు.

టిక్కెట్టు_చించేవాడు
వచ్చాం అసలు సంగతికి. శోభనం సీను! మన సినిమాల్లో అయితే పూల మంచం, పళ్లెంలో యాపిల్స్, పాలగ్లాసు, లైటార్పడం. ఇక్కడ పెళ్లివిందుకొచ్చిన మరదళ్లూ వాళ్లకి కాబోయే మొగుళ్లూ వెళ్లిపోయాక విల్లీ ఒక్కడే మిగుల్తాడు. ఎవరూ వెళ్లొద్దని బతిమాలుతున్నట్టే ఉంటుంది మొహం. మ్యాగీ లోపల గదిలో. మనోడు చలిమంట ముందు నిలబడి కాలరు తీస్తాడు, చేతుల కఫ్‌లు తీస్తాడు, చొక్కా ముందు తగిలించుకున్న గట్టి అట్ట తీస్తాడు. ఒక్కోటీ ఉరికంబం ఎక్కబోయేవాడు ఉంగరాలు తీసి అప్పగిస్తున్నట్టు. తర్వాత ఊపిరి బిగబట్టి లోపలికి నడుస్తాడు.

రీలుబండి
నాటకంలో ఇంకా ఘోరం. ఆవిడే బయటికొచ్చి చెవి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది.

కాఫీ_ఫిల్టర్
చూశారా! చెవి!

అట్లాంటా_అత్త
సినిమాలో చెవి తీసేసి తనంతట తను నడిచేలా చేశాడు చూడు లీన్. దాదాపు నలభై ఏళ్లలో అంత మారింది లోకం. ఇంకా మారాలి, సరే.

అవునూ, ఆ చెల్లెళ్ల కట్నాల గొడవ ఎవరూ ఎత్తలేదు. హాబ్సన్ పైసా ఇవ్వనంటాడు. చంద్రుడి పుణ్యమా అని ఆయన పడింది చిన్నల్లుడు కాబోయేవాడి తండ్రి గింజల నేలమాళిగలో. మ్యాగీ దాన్ని పట్టుకుని, మా స్థలంలో జొరబడి సరుకు పాడుచేశావని కేసు వేయిస్తుంది. లాయరు ఎవరనుకున్నారు, ఇంకో చెల్లెలికి కాబోయేవాడు! వాడు 1000 పౌండ్లు లాగుదామంటే ఈవిడే తండ్రి స్తోమతకి తగ్గట్టు 500కి దించుతుంది. ఆ డబ్బే ఇద్దరు చెల్లెళ్లకీ పంచుతుంది. తన పెళ్లికి మాత్రం కొట్లో బేరానికి పెట్టిన ఇత్తడి ఉంగరం.

కడియం_కుర్రాడు
మామగారి తాగుడు మీద కేసేసి ఆ డబ్బు కట్నంగా పుచ్చుకోవడం. ఇంత తెలివి మనోళ్లకి తట్టకపోవడం మన అదృష్టం.

టిక్కెట్టు_చించేవాడు
ఇక్కడ రాయకు, ఎవడో చదువుతాడు.

నల్లమల_నాగన్న
నాకు ఆఖర్లో ముసలోడి మీదే జాలి పుట్టింది. తాగి తాగి కండ్ల ముందర పెద్ద ఎలుక కనపడతాది. డాక్టరు మందు మానమంటాడు, చూసుకునేదానికి ఒక కూతురు కావల్లంటాడు. చిన్నోళ్లిద్దురూ, అబ్బే మాకు కుదర్దు అంటారు. గొప్పోళ్ల బేరమంతా విల్లీ కొట్టుకి పోయింది, ఇంగ మిగిలిండేది క్లాగుల బేరం.

పాలపిట్ట
అప్పుడు విల్లీ షరతు పెడతడు కదా. కొట్టు నాది, సగం వాటా నీది, నువ్వు ఏ పనిలో వేలు పెట్టొద్దు. పేరు ‘మోసప్ అండ్ హాబ్సన్’. ముసలోడు ‘హాబ్సన్ అండ్ మోసప్’ అని గింజుకుంటడు. ఇక్కడ మ్యాగీ కూడా పోనీలే అంటది, విల్లీ వినడు. ఆమె మాటకి ఎదురు చెప్తడు! గుమ్మానికి దగ్గరున్న గుర్రం అప్పుడు హాబ్సన్‌కి దొరికింది.

ముసలోడు అటు పోంగనే మనోడు మల్ల పాత విల్లీ అయితడు. లోపల భయంతో చచ్చిన అంటడు. అది చూసి నాకు మా నాన్న యాదికొచ్చిండు. సేటు దగ్గర ఇరవై ఏండ్లు పనిచేసి, ఒక్కసారి ‘రేపట్నుంచి రాను’ అని చెప్పొచ్చి, ఇంటి అరుగు మీద కూసుండి చెంబెడు నీళ్లు తాగి, మల్ల ఇంకో చెంబు అడిగిండు.

కిర్రుచెప్పులు
పాలపిట్ట గారూ, ఆ రెండో చెంబు చాలు నాకు.

కాఫీ_ఫిల్టర్
నిన్న మళ్లీ చూశాను, ఒంటరిగా. ఈసారి ఇత్తడి ఉంగరం దగ్గర ఆగాను. కొట్టు బాగుపడ్డాక విల్లీ బంగారు ఉంగరం కొందామంటాడు. మ్యాగీ ఇత్తడిదే ఉంచుకుంటానంటుంది, ఎక్కణ్నించి మొదలయ్యామో మర్చిపోకుండా. మొదటిసారి అది మంకుతనం అనిపించింది.

నా ప్రశ్న నాకింకా ఉంది. అతన్ని అడగలేదు, అది తప్పే. కానీ చివరికి ఆవిడకి ఎదురుచెప్పగలిగే మనిషిని ఆవిడే తయారుచేసుకుంది, అలా ఎదురుచెప్పినప్పుడు ఆవిడ మొహం చూడండి. బ్రెండా డి బాంజీ వయసు గురించి అన్నవాళ్లు అక్కడ ఒక్కసారి ఆపి చూడాలి.

పొద్దున నాన్నకి చెప్పాను ఇదంతా. ‘నేను నవ్వింది త్రేన్పుకే’ అన్నారు.

పక్కసీటు_పాపాయి
వయసు గురించి అన్నది నేనే. చూశా. వెనక్కి తీసుకుంటున్నా.

అట్లాంటా_అత్త
మా పెద్దక్కకి లింకు పంపాను. డెబ్బై నాలుగు దాటాయి, కొట్టు ఇంకా ఆవిడదే, ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లున్నారు కింద. ఇంగ్లిష్ రాదు, సబ్‌టైటిళ్లు కూడా చదవలేదు, అయినా చివరిదాకా చూసిందిట. ఎలా ఉందక్కా అంటే పెళ్లి సంగతి ఎత్తలేదు, తండ్రి సంగతీ ఎత్తలేదు. మొదట్లో ఒక కుర్రాడు చెల్లెల్ని చూడ్డానికి వంకతో కొట్లోకొస్తాడే, ఆ లాయరు, వాణ్ని మ్యాగీ కూర్చోబెట్టి, పాత బూటు లాగేసి, కొత్త జత తొడిగేసి, ఒక పౌండు వసూలు చేసి పంపిస్తుంది. వాడికి నోరు తెరిచే సందే ఇవ్వదు. ఆ ఒక్క ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసిందిట.

‘బేరం అంటే అదీ’ అంది. ‘ఈ కుర్రాళ్లకి చూపించాలి, రేపు కొట్టుకి ఆ ఫోన్ పట్టుకెళ్తాను’ అని పెట్టేసింది.